మేయో దంపతుల కడపటి యాత్ర

(సమితి వార్షిక సభలో చదువబడిన ప్రసంగము)



ఈ ద్వీపములలో కొలువు చేయు తెలుగు కుటుంబమునకు చుట్టములు వచ్చుట ఒక పండుగ. శ్రీకాకుళమునుండియో, విశాఖపట్టణమునుండియో, గోదావరి తీరమునుండియో తల్లిదండ్రులు గాని, అత్తమామలు గాని, క్రొత్తగా పెండ్లియైన కూతురును అల్లుడును గాని వచ్చి దిగుదురు. మొదటి దినములు సెల్యులర్ జైలును, సముద్రపు టొడ్డులను, పడవ ప్రయాణములను చూచుటతో గడచిపోవును. చివరకు రెండు దినములు మిగులును. అప్పుడు ఇంటి యజమానికి ఒక ప్రశ్న ఎదురగును: ఇంక వీరికి ఏమి చూపవలెను? సాధారణముగా ఆ ప్రశ్నకు జవాబు దొరకక, ఆ రెండు దినములును బజారులో తిరుగుటకును, పెట్టెలు కట్టుటకును చెల్లిపోవును.

ఆ ప్రశ్నకు ఒక జవాబు అఖాతమునకు ఆవలి యొడ్డున ఎత్తుగా నిలిచియున్నది. అది చిరకాలము మౌంట్ హారియట్ అని పిలువబడి, 2021వ సంవత్సరము అక్టోబరు నుండి మౌంట్ మణిపూర్ అని వ్యవహరింపబడుచున్న కొండ. ఆ కొండ నెక్కి సూర్యాస్తమయమును చూచిన ఒక అతిథికి అదియే జీవితమున కడపటి సూర్యాస్తమయ మయ్యెను. ఆ సమయమున ఆయన భార్య రేవులో లంగరు వేసియున్న ఓడలో భోజనపు వేళకు భర్త రాకను ఎదురుచూచుచుండెను. ఆ దంపతులు హిందూదేశపు వైస్రాయి మేయో ప్రభువును, ఆయన పత్ని బ్లాంచి మేయోయును. ఆ దినము 1872వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీ.

మేయో ప్రభువు 1822లో ఐర్లండు దేశమున డబ్లిను నగరమున జన్మించెను. బ్లాంచి విండమ్‌తో ఆయన వివాహము 1848లో జరిగెను. 1869 జనవరిలో ఆయన వైస్రాయి పదవి నధిష్ఠించెను. ప్రభుత్వోద్యోగులకు ఆయన పేరు మరియొక విధముగ కూడ తెలిసియుండవలెను. 1870 డిసెంబరులో రాష్ట్రముల ఖర్చులను రాష్ట్రములకే కొంతవరకు అప్పగించుచు వెలువడిన ఆర్థిక తీర్మానము ఆయనదే. ఈ దేశమున ఆర్థిక వికేంద్రీకరణమును గూర్చి వ్రాయు ప్రతి గ్రంథమును అక్కడనుండియే మొదలు పెట్టును. 1871లో వ్యవసాయమునకు కేంద్రమున ఒక శాఖ ఏర్పడినది ఆయన కాలముననే. దేశమంతటను జరిగిన మొదటి జనాభా లెక్కలు ఆయన పాలన చివరి దినములలోనే ఎత్తబడెను. ఈ జనాభా లెక్కల మాట ప్రసంగము చివర మరల రాగలదు.

బల్లయొద్ద కూర్చుండి కాగితములమీద రాజ్యమేలుట ఆయన స్వభావము కాదు. గుఱ్ఱమెక్కి వేలాది మైళ్ళు తిరిగి, ప్రతి వస్తువును తన కన్నులతో చూచి గాని తృప్తి పడెడివాడు కాడు. 1872 జనవరి 24వ తేదీన ఆయన కలకత్తానుండి బయలుదేరిన శీతకాలపు యాత్ర అట్టిదే. దానికి మూడు మజిలీలు: మొదట బర్మా, పిమ్మట అండమాను, తరువాత ఒరిస్సా. వైస్రాయియు, ఆయన పత్నియు గ్లాస్గో అను యుద్ధనౌకలో ప్రయాణము చేసిరి. కలకత్తానుండి వచ్చిన అతిథులు ఢాకా అను పొగయోడలో వెంట వచ్చిరి. దంపతులు రంగూనును, మౌల్మీనును చూచిరి. అవి వారికి ఉల్లాసకరములైన దినములు. అక్కడనుండి ఓడలు అండమాను వైపు తిరిగెను. ఒరిస్సాకు పోవుటకు పూర్వము ఇది నడిమి మజిలీ మాత్రమే యని వారి తలంపు.

నాటి పోర్టు బ్లెయిరు ఎట్లుండెనో తెలిసికొనిననే తక్కిన కథ బోధపడును. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమను పేరు పొందిన ఈ నగరము అప్పటికి పదునాలుగేండ్ల శిక్షాస్థావరము. 1858 మార్చి 10వ తేదీన డాక్టరు వాకరు రెండువందల మంది ఖైదీలతో ఇక్కడ దిగినది మొదలు, వేలాది మంది ద్వీపాంతరవాస శిక్షితులు వచ్చిరి. 1857 నాటి తిరుగుబాటులో పట్టుబడినవారు మొదటివారు. హత్యలు, దోపిడులు చేసి శిక్ష పడినవారు తరువాత వచ్చిరి. సెల్యులర్ జైలు అప్పటికి లేదు. దాని నిర్మాణము 1896లో మొదలై 1906లో ముగిసెను. ఖైదీలు దీవులలోను, తీరమందలి స్థావరములలోను చెదరి యుండిరి. అధికారుల నివాసము రాస్ ద్వీపము; 2018 డిసెంబరు నుండి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపము. కఠినులైన నేరస్థులను ఉంచినది వైపర్ ద్వీపము. మొట్టమొదట అడవి నరికి నివాసము లేర్పరచినది చాతం ద్వీపము. హారియట్ కొండ అడుగున, నేటి పానీఘాట్ ప్రాంతమున, హోప్‌టౌన్ అను రేవు ఉండెను. అక్కడ నున్నవారిలో పెక్కురు సత్ప్రవర్తనచే కొంత స్వేచ్ఛను సంపాదించిన ఖైదీలు.

ఫిబ్రవరి 8వ తేదీ ఉదయమున గ్లాస్గో నౌక రేవులో లంగరు దించెను. మర్యాద ఫిరంగులు మ్రోగెను. స్థావరమునకు సూపరింటెండెంటు జనరల్ డోనాల్డు స్టూవర్టు. గొప్పవారు పర్యటనకు వచ్చినప్పుడు కార్యాలయములలో ఎంత హడావిడి పుట్టునో ఈ సభలోనివారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఎచ్చట దిగవలెను, ఎవరు ఎదురేగవలెను, ఏది చూపవలెను, ఎచ్చట ఎందరు సాయుధులు నిలువవలెను అనునదంతయు ముందే వ్రాతపూర్వకముగ నిర్ణయింపబడెను. ముఖ్యముగ అంతకు నాలుగైదు మాసములకు ముందే, 1871 సెప్టెంబరులో, కలకత్తా హైకోర్టు తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి నార్మన్ దొర హత్య కావింపబడియుండెను. కావున వైస్రాయి కావలి విషయమున ఎవరును ఏమరలేదు. రాస్‌లోను వైపర్‌లోను ఆయన నడచిన త్రోవ కిరుప్రక్కలను, ముందును వెనుకను సాయుధులు నడచిరి. ఖైదీ యెవ్వడును సమీపమునకు రాలేకపోయెను.

రాస్, వైపర్, చాతం అన్నియు చూచుట ముగిసెను. నాటి గడియారము ఐదైనది. ఇంకను ఒక గంట వెలుతురు మిగిలియుండెను. ఆ మిగిలిన గంటతోనే కథ మలుపు తిరిగెను.

ఆ గంటను వ్యర్థము చేయక హారియట్ కొండ నెక్కి చూచెదమని వైస్రాయి కోరెను. అది వట్టి వినోదము కాదు. జ్వరములతో బాధపడు రోగులకు ఆ కొండమీద ఒక ఆరోగ్యనివాసమును కట్టవచ్చునా అని చూడవలెనని ఆయన ఉద్దేశము. సూపరింటెండెంటు కొందరు రక్షకభటులను పడవలో త్వరత్వరగ ముందు పంపెను. రేవుదగ్గరనుండి కొండ శిఖరము సుమారు ఒకటిన్నర మైలు. ఎత్తు వేయి అడుగులకు పైబడియుండును. త్రోవ అడవిగుండ పోవును. ఎక్కుటకు దొరికినది ఒక్క తట్టువ మాత్రమే. వైస్రాయి కొంతదూరము దానిపై నెక్కి, ఇంక నడచుట తన వంతు అని దిగి, దానిని తోడివారికి ఇచ్చెను. కఠినులైన ఖైదీలున్న వైపర్‌ను నిరపాయముగ చూచి వచ్చినవారికి, మంచి నడవడిగల ఖైదీలుండు హోప్‌టౌన్‌లో భయమునకు కారణము కనబడలేదు.

ఆ కొండకు హారియట్ అను పేరు ఎట్లు వచ్చెనో కూడ తెలిసికొనదగినది. 1862 నుండి 1864 వరకు స్థావరమునకు సూపరింటెండెంటుగ నున్న రాబర్టు టైట్లరు భార్య పేరు హారియట్. ఆమె 1857లో ఢిల్లీ ముట్టడి జరుగుచుండగా నగరము బయటి గుట్టపైనున్న ఇంగ్లీషు సేనల శిబిరమునందుండి, అక్కడనే ఒక బండిలో బిడ్డను కనినది. మరుసటి సంవత్సరము భార్యాభర్తలు కలిసి తిరుగుబాటు జరిగిన స్థలములకు ఛాయాచిత్రములు తీసిరి. ఆమె కథ ధైర్యము గల స్త్రీ కథయే. అయినను ఒక విచిత్రము గమనింపదగియున్నది. ఆ గుట్టమీదివారు గెలిచిరి. ఎదిరిపక్షమువారిలో అనేకులు ఖైదీలై ఈ రేవునకు వచ్చిరి. గెలిచినవారి పేరు కొండకు వచ్చెను. ఓడినవారు ఆ కొండ క్రింద అడవులను నరికిరి. వారి పేర్లు ఏ కొండకును రాలేదు.

వైస్రాయి శిఖరమును చేరెను. పడమట సూర్యుడు సముద్రములోనికి క్రుంగుచుండెను. ఆయన కూర్చుండి కొంతసేపు మాటలాడక చూచెను. ఎంత సుందరమని పలికెను. తన జీవితములో ఇంతటి అందమును చూచి యుండలేదేమో యని కార్యదర్శి బర్న్‌తో చెప్పెను. చుట్టునున్న దీవులను కలయజూచి, ఇరువది లక్షల జనము స్థిరపడుటకు చాలినంత చోటున్నదనియు అనెను.

నేటి గడియారముతో ఆ వేళను పోల్చినచో శ్రోతలకు సందేహము కలుగవచ్చును. ఇప్పుడు ఫిబ్రవరి నెలలో ఇక్కడ సూర్యుడు ఐదున్నర లోపుననే అస్తమించును గదా, ఐదు గంటలకు బయలుదేరి కొండ యెక్కి సూర్యాస్తమయమును ఎట్లు చూచిరి? నాడు ప్రతి ఊరికిని సూర్యగతిని బట్టి తన కాలము తనకుండెను. ఈ నగరపు స్థానిక కాలము భారత ప్రామాణిక కాలముకంటె సుమారు నలువది నిమిషములు ముందుండును. నాటి గడియారము ఆరు కొట్టినప్పుడు నేటి గడియారములో ఐదుంబావు దాటును. చుట్టములను కొండమీదికి తీసికొనిపోవువారు ఈ లెక్కను మరువకుండుట మంచిది. ఇక్కడ చీకటి చెప్పకయే వచ్చును.

ఆ దినమును చీకటి చెప్పకయే వచ్చెను. దిగునప్పుడు త్రోవ కానరాలేదు. క్రిందినుండి కాగడాలు పట్టినవారు ఎదురు వచ్చిరి. జెట్టీ దగ్గరకు చేరునప్పటికి నాటి గడియారము ఏడు. నీటిమీద లాంచి పొగ చిమ్ముచు సిద్ధముగ నుండెను. అంతకు ఆవల గ్లాస్గో నౌక దీపములు నీటిలో ప్రతిఫలించుచుండెను. అందు బ్లాంచి మేయో అతిథులతోగూడ ఎదురుచూచుచుండెను. సూపరింటెండెంటు మరునాటి ఏర్పాట్లను గూర్చి ఒక ఉత్తరువు నిచ్చుటకు వైస్రాయి సెలవు తీసికొని ప్రక్కకు తొలగెను. వైస్రాయి లాంచిలోనికి దిగుటకై మెట్లవైపు చురుకుగా ముందునకు నడచెను. ఆ క్షణముననే ఒకడు చీకటిలోనుండి దుమికి వెనుకనుండి ఆయనను కత్తితో రెండు పోట్లు పొడిచెను. వైస్రాయి జెట్టీ ప్రక్కనున్న లోతులేని నీటిలో పడి, తానే లేచి, తనకు దెబ్బ తగిలినదని కార్యదర్శితో చెప్పెను. పెద్దదెబ్బ కాదనుకొందునని కూడ అనెను. జెట్టీమీదనున్న ఒక మోటుబండిపై ఆయనను కూర్చుండబెట్టిరి. రక్తము ఆగలేదు. లాంచి నౌకను చేరునప్పటికి ఆయన ప్రాణము పోయెను. భోజనమునకు వెలిగించిన దీపములలో భార్య భర్త శవమును చూడవలసి వచ్చెను.

అంత ఉన్నత పదవిలో నున్న మనుష్యుని అంత్యదినము ఇంత సామాన్యముగ జరిగిపోయెను. ఒక గంట వెలుతురు, ఒక కొండ, ఒక సూర్యాస్తమయము. యాత్రికుడెవ్వడైనను కోరుకొనునది అదియే.

మేయో భౌతికకాయము మొదట కలకత్తాకును, పిమ్మట ఐర్లండునకును చేర్చబడెను. హిందూదేశమునకు బయలుదేరుటకు పూర్వమే ఆయన తన స్వగ్రామపు చర్చి ఆవరణమున ఒక నీడగల చోటును చూచుకొని, తాను మరణించినచో అక్కడ పూడ్చవలెనని కోరియుండెను. కిల్డేర్ మండలములోని జాన్స్‌టౌన్‌లో ఆ కోరిక నెరవేరెను. బ్లాంచి మేయో అటుతరువాత నలువదేండ్లకు పైగా జీవించెను. కొంతకాలము వైస్రాయి పదవీబాధ్యతలు నిర్వహించుటకు మద్రాసు గవర్నరు నేపియరు ప్రభువును పిలిపించిరి. అప్పటి తెలుగు జిల్లాలు, సర్కారులును దత్తమండలములును, ఆయన ఏలుబడిలోనివే.

ఇక కత్తి పట్టినవాడెవడు? ఆతని పేరు షేర్ అలీ. ఖైబరు ప్రాంతపు అఫ్రీదీ తెగవాడు. పంజాబు అశ్వదళ పోలీసులో పనిచేసి, పెషావరులో అధికారులకు సేవచేసినవాడు. వంశవైరమున ఒక బంధువును చంపినందులకు 1867లో మరణశిక్ష పడి, అది ద్వీపాంతరవాసముగ మార్చబడెను. తన తెగ ఆచారమున నేరము కానిదానికి తనకు శిక్ష పడినదని ఆతని రోషము. ఇక్కడ మంచి నడవడివానిగ పేరు పొంది, హోప్‌టౌన్ ప్రాంతమున మంగలి పని చేయుచుండెను. ఉన్నతుడైన ఒక దొరను చంపవలెనని తాను చాలకాలము క్రిందటనే నిశ్చయించుకొంటినని ఆతడు ఒప్పుకొనెను. ఆ ఉదయమున మర్యాద ఫిరంగుల ధ్వని విని కత్తికి పదును పెట్టుకొనెను. దీవులకు పోవుటకు వీలు దొరకక, సాయంకాలమున వైస్రాయియే హోప్‌టౌన్‌కు రాగా కొండమీదికిని క్రిందికిని వెంటాడెను. పట్టుబడినప్పుడు జనము ఆతనిని అక్కడనే చంపివేయకుండ ఒక అధికారి నిలువరించెను. విచారణము జరిగెను. 1872 మార్చిలో వైపర్ ద్వీపమున ఆతనిని ఉరి తీసిరి.

మేయో జీవితచరిత్రను వ్రాసిన హంటరు పండితుడు షేర్ అలీ పేరును గాని, గ్రామమును గాని, తెగను గాని తన గ్రంథమున పేర్కొనరాదని నిశ్చయించుకొని, ఆ సంగతిని ఆ గ్రంథముననే ప్రకటించెను. మిత్రుని కోల్పోయినవాని దుఃఖమును అర్థము చేసికొనవచ్చును. షేర్ అలీ చేసినది హత్య. దానిని పొగడుటకు హేతువు లేదు. చనిపోయినవాడు రోగులకు ఆరోగ్యనివాసమును కట్టించు తలంపుతో కొండ యెక్కినవాడు. అయినను పేరును చెరిపివేసినంత మాత్రమున మనుష్యుడు లేకుండ పోవునా? ఆ దినమున అన్నిటిని చూచిన వైస్రాయికి కనబడనివాడు ఆ మనుష్యుడొక్కడే. పొదలలో నక్కినందున మాత్రమే కాదు. శిక్షాస్థావరమనునది ఖైదీని వరుసగా, సంఖ్యగా, పనివానిగా చూపును. అతనిని ఒక్కనినిగ చూపదు. ఏర్పాటు చేసిన పర్యటనలో కనబడునది ఏర్పాటు చేసినంతే.

ఈ మాట నేటి యాత్రికునికిని వర్తించును. శిఖరముననుండి మేయో ప్రభువు ఇరువది లక్షల మందికి చాలు చోటును చూచెను. ఆ అడవులలో అనాదిగా నివసించుచున్న అండమానీయులు ఆ లెక్కలో లేరు. నాడు వేల సంఖ్యలో నుండిన మహా అండమానీ తెగలవారు రోగములవలనను, స్థావరపు తాకిడివలనను క్షీణించి నేడు ఏబదిమంది ప్రాంతమున మాత్రమే మిగిలియున్నారు. ఇరువది లక్షల మాట ఏమయ్యెను? 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ ద్వీపములన్నిటి జనాభా 3,80,581. మేయో కాలముననే పుట్టిన లెక్కల పద్ధతి మేయో అంచనాకు ఈ జవాబు చెప్పినది. అందులో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి పదమువ్వురు. అనగా ఈ ద్వీపములలో ప్రతి ఎనమండ్రలో ఒకరు తెలుగు పలుకువారు.

తెలుగువారికి ఈ రేవుతో సంబంధము కేవలము కొలువులతోను, వ్యాపారములతోను, చేపల వేటతోను ఏర్పడినది కాదు. 1922 నుండి 1924 వరకు మన్యమున అల్లూరి సీతారామరాజు నాయకత్వమున జరిగిన పోరాటములో గాము గంటందొర తమ్ముడు మల్లుదొర పట్టుబడి ద్వీపాంతరవాస శిక్షననుభవించుటకు ఇక్కడికి పంపబడెను. ఏండ్ల తరబడి ఇక్కడ మ్రగ్గి విడుదలయైన ఆ మల్లుదొరయే 1952లో విశాఖపట్టణమునుండి మొదటి లోకసభకు ఎన్నికయ్యెను. సంకెళ్ళతో వచ్చినవాడు శాసనకర్తయైన కథ ఇది. తెలుగు పిల్లలు సెల్యులర్ జైలును చూచునప్పుడు ఈ పేరు వారి చెవిని పడవలెను.

అట్టివారందరికిని సముద్రము ఆవల భార్యలుండిరి, తల్లులుండిరి. బ్లాంచి మేయో ఒక రాత్రి కొన్ని గంటలు ఎదురుచూచెను. ఆమె దుఃఖము చరిత్ర గ్రంథములకెక్కెను. మన్యపు గూడెములలోను, బీహారు పల్లెలలోను, పంజాబు గ్రామములలోను ఏండ్ల తరబడి ఎదురుచూచిన స్త్రీల దుఃఖమును వ్రాసినవారు అరుదు. నల్లనీటిని దాటినవాడు బ్రతికియున్నాడో లేడో తెలియక పసుపుకుంకుమలను ఉంచుకొనుటయా తీయుటయా అని తల్లడిల్లిన ఇల్లాండ్ర సంఖ్య ఏ లెక్కలలోను లేదు. ఇక్కడనే శిక్ష ననుభవించుచు, అధికారుల అనుమతితో పెండ్లాడి, పొలము దున్నుకొని, బిడ్డలను కనిన ఖైదీ దంపతులును కలరు. నగరములోని షాదీపూర్ అను పేరు అట్టి పెండ్లిండ్ల జ్ఞాపకమని స్థానికుల వాడుక. ఈ ద్వీపముల పాత కుటుంబములలో అనేకము ఆ దంపతుల సంతానమే. యాత్రికులకు త్రోవ చూపు దుకాణదారుడో, పడవ నడుపు సరంగో ఆ వంశమువాడు కావచ్చును.

హారియట్ కొండకు మణిపూర్ పేరు వచ్చుటకు కూడ ఇట్టి కారణమే కలదు. 1891లో ఆంగ్లేయులతో యుద్ధము చేసి ఓడిన మణిపూర్ రాజ్యపు మహారాజు కులచంద్ర ధ్వజ సింహుడును, ఆయన అనుచరులు ఇరువది ఇద్దరును ద్వీపాంతరవాసులై వచ్చి ఈ కొండ ప్రాంతముననే ఉంచబడిరి. వారి స్మరణకై 2021లో కొండకు ఆ పేరు పెట్టిరి. గెలిచినవారి పేరు పోయి ఓడినవారి పేరు వచ్చుటకు నూట ముప్పది సంవత్సరములు పట్టినది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఊరికి మరలు దంపతులకు కడపటి రెండు దినములలో ఏమి చూపవలెను? మొదటి దినము వైపర్ ద్వీపమును, నాటి రాస్ ద్వీపమును చూపదగును. ఒకచోట ఉరికంబపు కట్టడము, వేరొకచోట అధికారుల బంగళాల గోడలను పెనవేసికొన్న చెట్లవేళ్ళు కనబడును. ఉరి తీసినవారి చోటును, తీయించినవారి చోటును ఒకే దినమున చూచుట మంచిది. రెండవ దినము చాతంనుండి ఫెర్రీమీద బాంబూ ఫ్లాట్‌కు దాటి, అటనుండి బండిపై కొండ యెక్కవచ్చును. కొండ జాతీయవనము లోనిది గనుక అటవీశాఖవారి వేళలను ముందుగ కనుగొనవలెను. పైనుండి ఉత్తర అఖాతమును, దీపస్తంభమును చూడగానే చుట్టములు ఇదివరలో ఎక్కడనో చూచినట్లున్నదందురు. పాత ఇరువది రూపాయల నోటు వెనుక ముద్రించిన దృశ్యములోనిది ఆ దీపస్తంభమే. చేతిలో ఎన్నిమారులో మారిన బొమ్మను కన్నులతో చూచుట పిల్లలకును పెద్దలకును వినోదము.

అక్కడ నిలిచినప్పుడు ఇంటి యజమాని చేయవలసిన పని ఒకటి కలదు. అందమును చూపి ఊరకుండక, ఆ త్రోవను ఎవరు చదును చేసిరో చెప్పవలెను. వైస్రాయి కూర్చున్న కథను చెప్పవలెను. ఓడలో ఎదురుచూచిన భార్య కథను చెప్పవలెను. పేరు వ్రాయదగనివాడని విడిచిపెట్టబడినవాని పేరును చెప్పవలెను. మణిపూర్ రాజును గూర్చియు, మన్యపు మల్లుదొరను గూర్చియు, ఏ పుస్తకమునకును ఎక్కని ఇల్లాండ్రను గూర్చియు చెప్పవలెను. దానికి పది నిమిషములకంటె పట్టదు. తీసికొని పోవు సామానులో దానికి బరువును లేదు.

దిగునప్పుడు దంపతులు ఇద్దరును కలిసి దిగవలెను, వెలుతురుండగనే దిగవలెను. ఆ సాయంకాలము నగరపు రేవులో దీపములు వెలుగును. మరునాడు ఓడయో విమానమో వారిని స్వస్థలమునకు చేర్చును. ఈ రేవునుండి ఇంటికి తిరిగిపోగలుగుట ఒకప్పుడు అందరికిని దక్కిన భాగ్యము కాదు. ఆ సంగతిని తెలిసికొని పోవు చుట్టము ఈ ద్వీపములను నిజముగ చూచి పోయినట్లే.